పై అరలో చెడిపోయిన జత

పేరంటే బోర్డు మీది రంగు కాదు గదా, గోకితే రాలిపోవడానికి, అనుకుంటూనే ఆమె జిగురు డబ్బా మూత కోసం బల్లంతా వెతుకుతోంది. మూత చేతిలోనే ఉంది. ఇలా మనసొక చోట, చెయ్యొక చోట ఉన్నప్పుడు తాతయ్య ఆమె చేతిలోని పనిముట్టు మెల్లగా తీసేసుకునేవాడు. "ఇద్దరూ కలిశాక రండి" అనేవాడు, మనసునీ చేతినీ కలిపి. తాతయ్య పోయి ఇంకా నెల కాలేదు. బూట్లు కుట్టే ఆ బల్ల ముందు, కొలతలిచ్చే వాళ్ళు కూర్చునే కుర్చీలో, ఇప్పుడు తాతయ్య కన్నా ముసలివాడొకడు కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు.

నిన్న మధ్యాహ్నం వచ్చాడాయన. కొట్టు ముందు నిలబడి, తలెత్తి, బోర్డు మీద తాతయ్య పేరు చదివాడు. గడప ఎక్కి, "ఆ పేరు నాది" అన్నాడు. "మీ తాత ఈ దేశానికొచ్చింది నా పేరు మీద. వాడు నా తమ్ముడు." ఇంకేమైనా అడిగే లోపు, అలసిపోయాననీ, రేపు అందర్నీ ఉండమనీ చెప్పి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరూ ఎవరి మొహంలోకీ సరిగ్గా చూడటం లేదు. తాతయ్యకు అన్నదమ్ములు లేరు. "నేనొక్కణ్ణే" అనేవాడు, ఎవరైనా అడిగితే. ఆ మాట అన్నాక వెంటనే ఆరె అందుకుని తోలుకి బెజ్జం పొడిచేవాడని ఆమెకు నిన్ననే తట్టింది. నిజంగా పొడిచేవాడా, లేక నిన్న విన్నదానికి సరిపోయేలా తన జ్ఞాపకమే ఆ ఆరెను ఆయన చేతిలో పెట్టిందా, ఆమెకు తేలలేదు. చనిపోయినవాళ్ళను మనం తలుచుకుంటున్నామనుకుంటాం గానీ, ప్రతిసారీ కొంచెం కొత్తగా కుడుతూనే ఉంటాం.

ఈ రోజు అమ్మ వచ్చింది. మావయ్య బ్యాంకులో సెలవు పెట్టి వచ్చాడు. ఆయన ఉద్యోగం రోజంతా సంతకాలు పోల్చి చూడటం. ఇంటికొచ్చినా మనుషుల్ని అలాగే చూస్తాడు, మునుపటి సంతకంతో సరిపోతున్నారా లేదా అని.

"మీకు కావాల్సిందేమిటో సూటిగా చెప్పండి, పెద్దాయనా," అన్నాడు మావయ్య. "ఈ కొట్టు అద్దెది. కుట్టు మిషను నాకన్నా పాతది. మా నాన్న మాకు వదిలివెళ్ళింది ఏదన్నా ఉంటే అది మోకాళ్ళ నొప్పులే."

"అవి నాకూ ఉన్నాయి నాయనా. వాటి కోసం ఇంత దూరం రావక్కర్లేదు."

అమ్మకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆ జవాబు చెప్పిన తీరు, కళ్ళు ఎత్తకుండా, గొంతు పెంచకుండా, అచ్చం తాతయ్యది. ఆ సంగతి అమ్మ గమనించిందని ఆమె గమనించింది. గమనించినందుకు అమ్మకు భయం వేసిందని కూడా.

"మరి బతికున్నట్టు ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?" అన్నాడు మావయ్య.

"నేను పోయానని మీరు పేపర్లో వేయించేదాకా ఆ అవసరం రాలేదు." ముసలాయన కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మా మనవడు ఫోన్లో చూసి పరిగెత్తుకొచ్చాడు. తాతా, నువ్వు పోయావట అన్నాడు. చూస్తే పేరు నాది, పుట్టిన ఊరు నాది, తేదీ నాది. మొహం మాత్రం మా తమ్ముడిది. భోంచేస్తున్న వాణ్ణి చెయ్యి కడుక్కుని, ఏడవాలో నవ్వాలో తెలీక అలా కూర్చుండిపోయాను. మా కోడలు నిజంగానే ఏదో అయిందనుకుని డాక్టర్ని పిలిచింది."

ఈసారి అమ్మ నవ్వేసింది. నవ్వి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆయన చెప్పుకుపోయాడు. ఇద్దరూ కలప అడితిలో పని చేసేవాళ్ళట. ఈ దేశంలో పనివాళ్ళు కావాలంటే అన్న తన పేరు ఇచ్చాడు, ఎంపికయ్యాడు, కాగితాలు వచ్చాయి. తమ్ముడికి వయసు చాలలేదు. ఓడ ఎక్కాల్సిన రోజు దగ్గర పడ్డాక, దుంగల బండి ఏటవాలులో జారి చక్రం అన్న కాలి మీదుగా పోయింది. బొటనవేలూ పక్కన రెండు వేళ్ళూ ఏటవాలుగా తెగిపోయాయి. రేవులో డాక్టరు అందర్నీ నడిపించి చూసేవాడు. కుంటేవాణ్ణి ఓడ ఎక్కనివ్వరు.

"వాడే కట్టు కట్టేవాడు. నా ఎదురుగా పీటేసుకుని, కాలు ఒళ్ళో పెట్టుకుని, పొద్దునా సాయంత్రం. మా అమ్మ ఆ కాలు చూడలేకపోయేది. వాడు చూసేవాడు. అలా ఒకరోజు కట్టు కడుతుంటే నేనే అన్నాను, కాగితాలు నువ్వు తీసుకుని పోరా, మనలో ఒకడన్నా పోవాలి గదా అని. వాడు తలెత్తలేదు. కట్టు ముడి వేసి, సరే అన్నాడు. ఆ 'సరే'ని ఇన్నేళ్ళుగా తిరగేసి తిరగేసి చూసుకుంటున్నాను. నేనిచ్చానా, వాడు తీసుకున్నాడా? నేననేదాకా వాడు కాచుకున్నాడా? ఒకపూట నేను మంచివాణ్ణి, ఒకపూట వాడు దొంగ. రెండూ నిజమనిపించిన రోజులూ ఉన్నాయి."

"ఒక ఉత్తరం ముక్కైనా రాయలేదా నాన్న?" అంది అమ్మ.

"ఎలా రాస్తాడమ్మా? ఇక్కడ వాడు నేను. తన పేరుతో రాస్తే దొరికిపోతాడు. నా పేరుతో రాస్తే నాకు నేనే రాసుకున్నట్టు. దొరికినవాళ్ళని తిప్పి పంపేసేవాళ్ళు. మొదట్లో భయం వల్ల రాసుండడు. తరవాత భయం పోయుంటుంది, మొహం చెల్లుండదు. నేనూ అంతే."

మావయ్య అసహనంగా కదిలాడు. "బాగుంది. చక్కగా అల్లారు. కానీ ఇప్పుడేం చెయ్యమంటారు మమ్మల్ని?"

"సమాధి మీద రాయి పెడుతున్నారటగా. దాని మీద నా పేరు చెక్కించొద్దు. బతికున్నవాడి పేరు కింద వాణ్ణి పడుకోబెట్టకండి. వాడి పేరు వాడికివ్వండి."

బయట వీధిలో ఏదో బండి ఆగి, మళ్ళీ కదిలింది. రాయి చెక్కే ఆయన పొద్దున్నే ఫోన్ చేశాడు. ఈ సాయంత్రానికి అక్షరాలు ఖాయం చేస్తే రేపు ఉలి పడుతుందని, ఒకసారి ఉలి పడ్డాక తాను చెయ్యగలిగేది ఏమీ లేదని చెప్పాడు.

"ఆ పేరేమిటి?" అంది అమ్మ, చాలా చిన్నగా.

ముసలాయన అమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "ముందు నన్ను నమ్మమ్మా. వాడు వెళ్ళాక ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఎవరైనా విని ఎక్కడైనా అంటారని. ఇన్నేళ్ళు నోట్లో దాచుకున్నదాన్ని నమ్మనివాళ్ళ ముందు పలకలేను."

ఆమె బల్ల అవతల నిలబడి వింటోంది. బూటు అంచులో వెంట్రుకవాసి తేడా వచ్చినా కుట్లు విప్పేసి మళ్ళీ కుట్టే మనిషి, జీవితమంతా ఇంకొకరి కొలతలో బతికాడా? ఆమెకు కోపం రావాలి. కోపం కన్నా ముందు వచ్చింది ఒక చిన్నపిల్ల ఉక్రోషం. నాకు చెప్పలేదేం తాతయ్యా అని. అమ్మకి చెప్పకపోతే పోనీ. మావయ్యకి చెప్పకపోవడం తెలివే. కానీ పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పావే, దారానికి మైనం ఎలా పట్టించాలో, మనిషి అబద్ధం చెప్తే మడమల అరుగుదల ఎలా నిజం చెప్తుందో అన్నీ నేర్పావే. ఈ ఒక్కటీ దాచావా? ఆయన్ని ప్రేమించడమంటే ఆయన తనకు తెలుసు అనుకోవడమేనని ఇన్నాళ్ళూ ఆమె నమ్మకం. ఇప్పుడు ఆ రెండూ వేరువేరుగా నిలబడి ఆమె వైపు చూస్తున్నాయి.

అప్పుడే ఆమె చూపు పై అర మీదికి పోయింది.

గోడ పొడుగునా అరల్లో కొయ్య అచ్చులు ఉంటాయి. ఈ కొట్టులో బూట్లు కుట్టించుకున్న ప్రతి మనిషికీ ఒక జత. ఆ మనిషి పాదాలు ఎలా ఉంటే అలా చెక్కి, దాని మీదే తోలు బిగించి కుడతారు. ఏళ్ళు గడిచి పాదం లావెక్కితే, ఎముక పొడుచుకొస్తే, అచ్చును పారెయ్యరు. పెరిగిన చోట తోలు ముక్క అతికించి, ఆకురాయితో రుద్ది, సరిచేస్తారు. అన్నిటికన్నా పై అరలో, మూలగా, తాతయ్య ఎవర్నీ ముట్టుకోనివ్వని జత ఒకటి ఉంది. ఒక అచ్చు బాగానే ఉంటుంది. రెండోదానికి ముందు భాగం ఏటవాలుగా తెగ్గోసినట్టు ఉంటుంది. పని నేర్చుకునే రోజుల్లో కొయ్య చీలిపోయి చెడిపోయిందని ఇంట్లో అందరూ అనుకునేవాళ్ళు. "నా మొదటి తప్పు" అనేవాడు తాతయ్య. తోలు కోయడంలో ఆమె కంగారు పడినప్పుడల్లా గడ్డంతో ఆ జత వైపు చూపించేవాడు.

బొటనవేలూ పక్కన రెండు వేళ్ళూ, ఏటవాలుగా.

ఆమె ముక్కాలి పీట లాక్కుని ఎక్కింది. "ఇప్పుడెందుకే అది, పడతావ్!" అంది అమ్మ. ఆమె జత తీసి, బల్ల మీద పెట్టింది. అది రుజువవ్వాలని కోరుకుంటోందో, కాకూడదని కోరుకుంటోందో ఆమెకే తెలీదు.

ముసలాయన ముందుకు వంగాడు. తెగ్గోసిన అచ్చును చూస్తూ ఉండిపోయాడు. చెయ్యి చాచాడు గానీ దాన్ని తాకకుండానే గాలిలో నిలిపేశాడు.

"మీది ఏ కాలు?" అంది ఆమె.

"ఎడమది."

ఆమె అచ్చును తిప్పి చూసింది. మళ్ళీ తిప్పి చూసింది. వంపు ఇటు. మడమ ఇటు. సందేహం లేదు.

"ఇది కుడి కాలు," అంది.

మావయ్య ఒక్క అంగలో బల్ల దగ్గరికి వచ్చాడు. రెండు అచ్చులూ పక్కపక్కన పెట్టి చూసి, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు, బ్యాంకులో దొంగ సంతకం పట్టుకున్న రోజు ఇంటికొచ్చి పీల్చుకున్నట్టు. "కుడిదే! చూడక్కా. నాన్న చెడగొట్టిన కొయ్య ముక్క అది, అంతే. నిన్న ఈయన కొట్టులోకి వచ్చినప్పుడు అరలన్నీ చూసే ఉంటాడు. చూసి కథకి దీన్ని తగిలించాడు. కానీ కింద నుంచి చూస్తే ఏ కాలో తెలీదుగా!"

"అంత మాటలు వద్దురా, పెద్దవాడు," అంది అమ్మ. కానీ అమ్మ భుజాలు కిందికి దిగాయి. తన భుజాలు కూడా. ఆ దిగడంలో ఎంత సుఖం ఉందో! తాతయ్య మళ్ళీ తాతయ్య అయ్యాడు. పేరు పేరే, బోర్డు బోర్డే, రేపు ఉలి పడొచ్చు. ఒక మనిషి అబద్ధాలకోరు అని తేలితే ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు ఎప్పుడూ తెలీదు.

ముసలాయన మావయ్య మాట విన్నట్టే లేడు. ఆయన కళ్ళు ఆ అచ్చు మీదే ఉన్నాయి.

"ఏ కాలో కూడా గుర్తులేదన్నమాట వాడికి," అన్నాడు.

తిట్టినట్టు అనలేదు. తనలో తాను అనుకున్నాడు. కర్ర నేలకు తాటించి, కుర్చీ చేతిని పట్టుకుని లేవడానికి ప్రయత్నించాడు. మొదటిసారి లేవలేకపోయాడు. ఎవరూ సాయం చెయ్యలేదు. రెండోసారి లేచాడు.

"వస్తానమ్మా. శ్రమ ఇచ్చాను."

"నేను రాళ్ళాయనకి ఫోన్ చేస్తాను," అని మావయ్య జేబులో చెయ్యి పెట్టాడు. "ఇప్పటికే ఆలస్యమైంది."

ఆమె అచ్చును మళ్ళీ అరలో పెట్టడానికి చేతిలోకి తీసుకుంది. అబద్ధం చెప్పేవాడైతే పట్టుబడినందుకు బాధపడతాడు. ఈయన తమ్ముడు తనని మరచిపోయినందుకు బాధపడుతున్నాడు. ఆ రెండు బాధలకీ మొహం మీద వేరువేరు చోట్లుంటాయి. ఈ ఆలోచన ఆమెకు నచ్చలేదు. దాన్ని పక్కకు తోసి, బొటనవేలితో అచ్చు మీగాలు తడిమింది, ప్రతి అచ్చునీ అలవాటుగా తడిమినట్టే. వేలికి అంచులు తగిలాయి.

తోలు ముక్కలు. ఒకదాని మీద ఒకటి, పొరలు పొరలుగా. అడుగున నల్లబడి గట్టిపడినవి, వాటి మీద గోధుమరంగువి, అన్నిటికన్నా పైన ఇంకా లేత వాసన పోని ఒక పలచని ముక్క. ఆ ముక్క ఏ తోలు చుట్టలోంచి కోసిందో ఆమెకు తెలుసు. ఆ చుట్ట ఈ ఏడాదే తెప్పించారు. రెండో అచ్చు తీసి చూసింది. దానికీ అంతే. మడమ దగ్గర, బొటనవేలి ఎముక దగ్గర, మీగాలి మీద. చెడిపోయిన కొయ్యకి ఎవరైనా వయసు పెంచుతారా? ఎప్పుడూ బూటు కుట్టని జత ఇది. అయినా ఏడాదికేడాది ఎవరి పాదమో ముసలిదవుతూ వచ్చింది దీని మీద. తాతయ్య తన కాలి మీద పెరిగిన ఎముకని చూసుకుని, అన్న కాలి మీద కూడా పెరిగే ఉంటుందని, కూర్చుని అతికించాడు.

కానీ కుడి కాలు. కుడి కాలు గదా ఇది.

అప్పుడు ఆమెకు తను పాడు చేసిన మొదటి జత గుర్తొచ్చింది. కొలతలు తీయడం తాతయ్య మొదటిసారి ఆమెకు వదిలేసిన రోజు. ఒక దర్జీ వచ్చాడు. ఆయన్ని ఈ కుర్చీలోనే కూర్చోబెట్టి, తను పీట మీద ఎదురుగా కూర్చుని, రెండు పాదాల కొలతలూ కాగితం మీద రాసుకుంది. తన కుడిచేతి వైపు ఉన్న పాదం కొలతలకి 'కుడి' అని రాసింది. తోలు కోసి, కుట్టి, అంతా అయ్యాక చూస్తే దర్జీ కుడి కాలి ఆనెకాయ కోసం వదిలిన చోటు ఎడమ బూటులో ఉంది. ఆమె ఏడ్చింది. తాతయ్య తిట్టలేదు. "కాలు వాళ్ళది, చెయ్యి నీది. నీ చేతిని చూసి వాళ్ళ కాలికి పేరు పెట్టావు. ఎదురుగా కూర్చుని పనిచేసే వాళ్ళం, అందరం ఒకసారి చేస్తాం. నేనూ చేశాను," అన్నాడు. అప్పుడే గడ్డంతో పై అర వైపు చూపించాడు. తనని ఓదార్చడానికి అంటున్నాడనుకుంది.

నా ఎదురుగా పీటేసుకుని, కాలు ఒళ్ళో పెట్టుకుని.

కొత్త దేశంలో, ఇంకొకరి పేరుతో, పని నేర్చుకోవడం మొదలుపెట్టిన కుర్రవాడు. ఉలి పట్టడం రాగానే కళ్ళు మూసుకుని తలుచుకుని ఉంటాడు. తలుచుకుంటే కనబడేది ఒక్కటే, తన కుడిచేతి వైపు ఉన్న గాయం. చూసింది చూసినట్టు చెక్కాడు. తప్పని తెలిశాక ఇంకో జత చెక్కలేకపోయాడా? చెక్కగలడు. ఎందుకు చెక్కలేదో ఆమె ఇక ఎవర్నీ అడగలేదు. మరచిపోతే ఇలా చెక్కేవాడు కాదు. ఎదుట కూర్చున్నవాడికి మాత్రమే ఈ తప్పు వస్తుంది.

గదిలో ఈ సంగతి తెలిసింది తనొక్కదానికే. మావయ్యకు సంతకాలు తెలుసు, అమ్మకు నాన్న తెలుసు, ఈ తప్పు ఇద్దరికీ తెలీదు. తను అచ్చును అరలో పెట్టేస్తే చాలు, అబద్ధం కూడా చెప్పక్కర్లేదు. ముసలాయన గడప దిగుతాడు. తాతయ్య తాను ఎరిగిన తాతయ్యగానే మిగిలిపోతాడు, రాయి మీద, బోర్డు మీద, తన లోపల. ఇంకో మాటలో చెప్పాలంటే, అన్న తమ్ముణ్ణి కోల్పోతాడు, తాను తాతయ్యను దక్కించుకుంటుంది. ఇచ్చిందా, తీసుకుందా అని తర్వాత జీవితమంతా తిరగేసి చూసుకోవచ్చు.

"హలో, ఆ, నేనేనండీ," అంటున్నాడు మావయ్య ఫోన్లో. "పేరు అదే. మార్పేం లేదు..."

ముసలాయన గడప దగ్గరికి చేరాడు. ఎడమ కాలిని దించడానికి కర్ర ముందు వేశాడు.

"ఆగమను మావయ్యా," అంది ఆమె.

"ఏంటే?"

"చెక్కొద్దని చెప్పు. ఈ రోజుకి ఆగమను."

"నీకేమన్నా పిచ్చా? ఇప్పుడేగా నువ్వే అన్నావు కుడిదని..."

"కుడిదే. అందుకే ఆగమంటున్నా."

మావయ్య ఫోన్ మీద చెయ్యి మూసి అమ్మ వైపు చూశాడు. అమ్మ కూతురి మొహం చూసింది. ఏం చూసిందో గానీ, తమ్ముడికి తల ఊపింది.

ఆమె గడప దగ్గరికి వెళ్ళి ముసలాయన మోచెయ్యి పట్టుకుంది. ఎముక చేతికి తగిలింది, తాతయ్యది తగిలినట్టే. ఆయన ఎందుకని అడగలేదు. నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. ముక్కాలి పీట లాక్కుని ఎదురుగా వేసుకుని కూర్చుంది. తాతయ్య పోయాక ఆ పీట మీద ఎవరూ కూర్చోలేదు.

"కాలు ఇలా పెట్టండి, తాతయ్యా," అంది.

ఆ పిలుపు నోట్లోంచి వచ్చాక గానీ అది ఎవర్ని పిలిచిందో ఆమెకు అర్థం కాలేదు. ముసలాయన పెదవులు కదిలాయి, ఏదో పేరు అనబోతున్నట్టు. ఆమె ఆయన ఎడమ బూటును తన ఒళ్ళోకి, తన కుడిచేతి వైపుకు, ఎత్తి పెట్టుకుని లేసు ముడి విప్పింది.